క్యూ పాయింటు : పాటలో మనం నాటుకునే గుర్తు

— ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

ఆర్మూరు ప్రాంతంలో పసుపు తవ్వి, ఉడికించి, ఆరబోసి, నిజామాబాదు యార్డులో అమ్మిన తరువాత రైతు చేతిలో నాలుగు పైసలు ఆడుతాయి. ఆ పైసలతోనే బిడ్డల పెండ్లిండ్లు. పెండ్లి అన్న తరువాత బరాత్, బరాత్ అన్న తరువాత డీజే. మాఘం మొదలు ఎండాకాలం దాకా మన ఊళ్ళల్లో ఏ రాత్రి చూసినా ఎక్కడో ఒకచోట డీసీఎం బండి మీద బాక్సులు మోగుతూనే ఉంటాయి. అటు తరువాత బోనాలు, గణపతి, దుర్గమ్మ, బతుకమ్మ. ఏడాదిలో సగం రోజులు మనం వినే శబ్దం ఇదే. అయినా ఈ శబ్దం వెనుక ఒక విద్య ఉన్నదని మనలో చాలామంది అనుకోరు.

మన భాషలోనే ఆ సంగతి తెలిసిపోతుంది. "డీజే వచ్చిందా?" అని అడుగుతాం గాని "డీజే వచ్చిండా?" అని అడగం. డీజే అనగా డిస్క్ జాకీ, అంటే పాటల పళ్ళాలను నడిపే మనిషి. మన దగ్గర ఆ మనిషి పోయి బండి మిగిలింది! ఎన్ని బేస్ బాక్సులు, ఎన్ని టాపులు, జనరేటర్ ఎంత పెద్దది అన్నదే లెక్క. పాటను ఎవరు, ఎక్కడ ఎత్తుకున్నారు, ఎక్కడ దించారు అన్నది ఎవరికీ పట్టదు. ఆ ఎత్తుకునే చోటు, దించే చోటు గురించే ఈ వ్యాసం. దానినే క్యూ పాయింటు అంటారు.

క్యూ అంటే ఏమిటి?

ఇది రేషన్ షాపు ముందు నిలబడే క్యూ కాదు. పలుకుబడి ఒకటే గాని మాట వేరు. నాటకంలో ఒక పాత్రధారి చివరి మాట అనగానే రెండవ పాత్రధారి అందుకుంటాడు చూడండి, ఆ అందుకునే సంకేతమే క్యూ. మనకు ఇది కొత్త సంగతి కాదు. భజనలో గురువు చరణం ముగించీ ముగించకముందే వంత పాడేవారు అందుకుంటారు. చిందు భాగోతంలో మద్దెల వాయించే అతని కన్ను పాత్రధారి కాలి మీదనే ఉంటుంది. సంగీతం వారు పాట తాళంలో ఏ చోట మొదలవుతుందో దానిని ఎత్తుగడ అంటారు. డీజే చేసే పని కూడా ఇదే. తేడా ఏమంటే, ఎదుట ఉన్నది పాడే మనిషి కాదు, ఎప్పుడో రికార్డు చేసిన పాట. అది మనవైపు చూడదు, మనకోసం ఆగదు. కాబట్టి ఎక్కడ అందుకోవాలో ముందే దాని మీద గుర్తు పెట్టుకోవాలి.

గుర్తుల కథ

ఈ గుర్తు పెట్టుకునే పద్ధతి కంప్యూటరుతో పుట్టలేదు. ఫిల్ము రీళ్ళ కాలంలో సినిమా హాలు వెనుక గదిలో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. 2000 అడుగుల రీలు నిమిషానికి 90 అడుగుల చొప్పున నడిచి సుమారు 22 నిమిషాలకు అయిపోతుంది. రీలు అయిపోవడానికి సుమారు 8 సెకండ్ల ముందు తెర పైన కుడి మూలన ఒక గుండ్రని చుక్క మెరిసేది. అది చూసి ఆపరేటర్ రెండవ ప్రొజెక్టరు మోటారు వేసేవాడు. చివరి సెకండులో ఇంకొక చుక్క. అది చూసి బొమ్మను ఇటు నుంచి అటు మార్చేవాడు. హాలులో కూర్చున్న వారికి రీలు మారినట్టే తెలిసేది కాదు. ఆ చుక్కల పేరే క్యూ మార్కులు. డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాక అవి పోయినవి.

రేడియో స్టూడియోలలో కూడా అంతే. గ్రామఫోను రికార్డు మీద ముల్లును పాట మొదటి ధ్వని దగ్గర ఆపి, రికార్డును కొంచెం వెనక్కి తిప్పి, సిద్ధంగా ఉంచుకునేవారు. అనౌన్సరు మాట ముగియగానే పాట అందుకునేది.

ఈ పనిని ఒక కళగా మార్చినవారు అమెరికాలోని న్యూయార్కు నగరం, బ్రాంక్సు పేటలోని పేద యువకులు. జమైకాలో పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్ అనే కుర్రవాడు కూల్ హెర్క్ అన్న పేరుతో 1973 ఆగస్టు 11న తమ అపార్టుమెంటు భవనంలో జరిగిన ఒక వేడుకలో పాటలు వేశాడు. హిప్ హాప్ సంగీతం పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు. పాటలో గాత్రం ఆగి వట్టి డ్రమ్ములు మోగే చోట జనం ఎక్కువగా చిందులేస్తున్నారని అతడు గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండవదానిలో అదే ముక్కను ఎత్తుకుని, దానిని పొడిగించేవాడు.

అయితే ముల్లును కంటి అంచనాతో పెట్టినప్పుడు దరువు ఒక్కొక్కసారి తప్పేది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే మరొక యువకుడు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. రికార్డు మీద రంగు పెన్సిలుతో గీత గీశాడు. ఇక్కడ మన లెక్క చూడండి. లాంగ్ ప్లే రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 1.8 సెకండ్లు, పావు చుట్టుకు 0.45 సెకండు. నిమిషానికి 133 దెబ్బలు పడే పాటలో ఒక దెబ్బ నిడివి దాదాపు అంతే. కాబట్టి గీతను గడియారం ముల్లులాగా చూస్తూ రికార్డును ఇన్ని చుట్లు వెనక్కి తిప్పితే సరిగ్గా అదే దెబ్బ దగ్గరికి వస్తుంది. మొదటి క్యూ పాయింటు ఒక రంగు గీత అన్నమాట!

ఆ తరువాత యంత్రాలు మారినవి. 1994లో పయొనీర్ కంపెనీ సీడీతో డీజే చేసే సీడీజే-500 తెచ్చింది. 2001లో వచ్చిన సీడీజే-1000లో బటను నొక్కితే గుర్తు పెట్టిన చోటికి దూకే హాట్ క్యూలు ఉండెను. ఇప్పుడు లాప్‌టాపులో ఒక్కొక్క పాటకు ఎనిమిది, అంతకంటె ఎక్కువ గుర్తులు కూడా పెట్టుకోవచ్చును. పరికరం మారింది గాని ఫ్లాష్ గీసిన గీతకు, వీటికి పనిలో తేడా లేదు.

గుర్తులలో రకాలు

కొత్తగా నేర్చుకునేవారు మొదట తికమకపడేది పేర్ల దగ్గర. అవి నాలుగు.

మొదటిది మామూలు క్యూ. పాట ఆగి ఉన్నప్పుడు క్యూ బటను నొక్కితే ఆ చోట గుర్తు పడుతుంది. పాట నడుస్తున్నప్పుడు నొక్కితే తిరిగి ఆ గుర్తు దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆగిన చోట బటనును పట్టుకుని ఉంటే, పట్టుకున్నంతసేపు మోగుతుంది, వదిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. చోటు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఇది మంచి సాధనం.

రెండవది హాట్ క్యూ. ఇది పాట నడుస్తుండగానే, ఆగకుండా, ఆ గుర్తుకు దూకిస్తుంది. రంగు రంగుల బటన్లు ఇవే.

మూడవది మెమరీ క్యూ. ఇది దూకడానికి కాదు, కంటికి హెచ్చరిక. "ఇంకా 32 దెబ్బలకు గాత్రం వస్తున్నది, జాగ్రత్త" అని చెప్పే దారి పక్క బోర్డు వంటిది.

నాలుగవది గుర్తే కాదు. మిక్సరు మీద కూడా క్యూ అని రాసిన బటన్లు ఉంటాయి. అవి నొక్కితే తరువాతి పాట బయటి బాక్సులకు పోకుండా మన హెడ్‌ఫోనులో మాత్రమే వినిపిస్తుంది. పేరు ఒకటే గాని పని వేరు. ఇది తెలియక చాలామంది మొదటి రోజే "గుర్తు పడతలేదు" అని బటను అరగదీస్తారు.

గుర్తు ఎక్కడ పెట్టాలి?

పాట బొమ్మ తెర మీద గుట్టలు, లోయలు లాగా కనిపిస్తుంది. గుర్తును గుట్ట శిఖరం మీద కాకుండా అది లేచే మొదట్లో పెట్టాలి. డప్పు మీద కర్ర పడిన క్షణం వేరు, మోత నిండుగా వినిపించే క్షణం వేరు. మనకు కావలసింది కర్ర పడిన క్షణం. బొమ్మను బాగా పెద్దది చేసి చూసి, తరువాత కళ్ళు మూసుకుని వినాలి. కన్ను, చెవి రెండూ ఒప్పుకుంటేనే గుర్తు కుదిరినట్టు.

రెండవ సూత్రం, లెక్క. నాట్యం కోసం చేసిన పాటలు చాలావరకు నాలుగు దెబ్బల ఆవర్తనాలలో నడుస్తాయి. అట్టి ఎనిమిది ఆవర్తనాలు కలిస్తే 32 దెబ్బలు, ఒక వాక్యం లాంటిది. పాటలో ఏ మార్పు వచ్చినా ఎక్కువగా ఈ వాక్యం చివరనే వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బ అర సెకండు, 32 దెబ్బలు 16 సెకండ్లు. నిమిషానికి 96 దెబ్బల పాటలో అవే 32 దెబ్బలు 20 సెకండ్లు.

ఇప్పుడు ఒక పాట నుంచి ఇంకొక పాటకు పోవడం చూద్దాం. రెండవ పాటలో గాత్రానికి ముందు 32 దెబ్బల వాద్యం ఉన్నది అనుకోండి. మొదటి పాటలో చివరి పల్లవి ముగియడానికి సరిగ్గా 32 దెబ్బల ముందు ఒక గుర్తు పెట్టాలి. నడుస్తున్న పాట ఆ గుర్తుకు చేరగానే, దెబ్బ మీద దెబ్బ పడేటట్టు రెండవ పాటను దాని మొదటి గుర్తు నుంచి వదలాలి. మొదటి గాయకుడు ముగించగానే రెండవ గాయకుడు అందుకుంటాడు. ఇద్దరూ ఒకేసారి పాడి గోల కారు, మధ్యలో ఖాళీ రాదు. సినిమా హాలు ఆపరేటర్ చేసిన పని కూడా ఇదే కదా!

ఒక పాటకు నాలుగైదు గుర్తులు చాలును. మొదటి దెబ్బ, పల్లవి ఎత్తుగడ, వట్టి డప్పు మోగే చోటు, చరణం మొదలు, దిగిపోయే చోటు. అన్ని పాటలకూ ఒకే రంగు ఒకే పనికి వాడాలి. ఎర్రది ఒక పాటలో పల్లవికి, ఇంకొక పాటలో దిగడానికి పెట్టుకుంటే, జనం మధ్యన, చీకట్లో, చెయ్యి తడబడుతుంది.

మన పాటల తీరు వేరు

పైన చెప్పిన లెక్క విదేశీ నాట్య సంగీతానికి సరిపోయినంత సులభంగా మన జానపదానికి సరిపోదు. ఇంటర్నెట్టులో పాఠాలు చెప్పేవారు ఈ సంగతి చెప్పరు, వారికి ఆ అవసరం లేదు. మనకు ఉన్నది.

ఒకటి, సాకి. మన జానపదంలో చాలా పాటలకు ముందు తాళం లేకుండా ఒక పిలుపు, ఒక రాగం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దానిలో కూడా దెబ్బలు వెదికి తప్పు లెక్క కడుతుంది. మొదటి గుర్తును సాకి తరువాత పడే మొదటి డప్పు దెబ్బ మీద పెట్టాలి. సాకిని వేరే గుర్తుగా ఉంచుకుని, జనం కొంచెం ఊపిరి పీల్చుకోవాలని తోచినప్పుడు మాత్రమే వాడుకోవాలి.

రెండు, తిస్ర నడక. తీన్మార్ అన్న పేరులోనే మూడు ఉన్నది. డప్పు పాటలు ఎన్నో దెబ్బకు మూడు ముక్కలుగా నడుస్తాయి. ఇట్టి పాట నిజ వేగం 100 అయితే సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కసారి 150 అని చూపిస్తుంది. రెండింటికి మధ్య 3:2 నిష్పత్తి. తెరను నమ్మకుండా పాదంతో తాళం వేసి, గడియారం చూసి 15 సెకండ్లలో ఎన్ని దెబ్బలు పడినవో లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే నిజం తెలుస్తుంది.

మూడు, మనిషి చెయ్యి. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాటలలో డప్పు వాయించింది మనిషి. ఊపు వచ్చినకొద్దీ వేగం పెరుగుతుంది. 100 దగ్గర మొదలై 104 దగ్గర ముగిసిన పాట ఉన్నదనుకోండి. 32 దెబ్బలు మొదట్లో 19.2 సెకండ్లు, చివరకు దాదాపు 18.5 సెకండ్లు. తేడా ముప్పావు సెకండుకు దగ్గర, అంటే ఒక దెబ్బకు మించి! మొదట్లో గీసిన గళ్ళను నమ్మి చివరన గుర్తు పెడితే తప్పకుండా తాళం తప్పుతుంది. ఇట్టి పాటలో ప్రతి గుర్తునూ దాని చోటికి పోయి, విని, విడిగా పెట్టాలి.

నాలుగు, ఎంపీ3 ఫైళ్ళ కిటుకు. ఎంపీ3లో ధ్వనిని 1152 నమూనాల కట్టలుగా కడతారు. సెకండుకు 44,100 నమూనాల చొప్పున ఒక కట్ట 0.026 సెకండు. పాట మొదలును ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క తీరుగా లెక్కిస్తుంది గనుక, గుర్తులను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకొకదానికి మార్చినప్పుడు అన్నీ ఒక కట్ట అంత జరగవచ్చును. ఇది చిన్న తేడా, కాని రెండు డప్పులు కలిసినప్పుడు పటపటమని వినిపిస్తుంది. మార్చిన తరువాత రెండు మూడు పాటలు సరిచూసుకోవడం మేలు.

బండి మీద భౌతిక శాస్త్రం

గదిలో నేర్చినది రోడ్డు మీద ఎందుకు తప్పుతుంది? దీనికి జవాబు మన ఇంటర్మీడియట్ పుస్తకంలోనే ఉన్నది. గాలిలో ధ్వని వేగం మన ఎండలకు సెకండుకు సుమారు 350 మీటర్లు. ఆపరేటర్ ఒకచోట, బాక్సులు 35 మీటర్ల దూరాన ఉంటే, శబ్దం అతని చెవికి చేరడానికి సెకండులో పదవ వంతు పడుతుంది. 120 వేగం గల పాటలో ఇది ఒక దెబ్బలో అయిదవ వంతు. దూరపు బాక్సును విని పాటను వదిలితే ప్రతిసారీ ఆలస్యమే. అందుకే రెండు పాటలనూ హెడ్‌ఫోనులో కలిపి వినాలి. గుర్తు ముందే సరిగ్గా పెట్టుకున్నవానికి ఈ బాధ సగం తగ్గుతుంది.

ఇక గుర్తు వల్ల కలిగే అసలు లాభం, నా ఉద్దేశ్యంలో, పాటను ఎత్తుకోవడంలో కంటె ఆపడంలోనే ఉన్నది. బరాత్ దారిలో దవాఖాన వస్తుంది. మసీదు వస్తుంది, గుడి వస్తుంది. ఎవరి ఇంట్లోనో మనిషి పోయి ఇంకా దినాలు కాలేదు. పెద్దమనుషులు వచ్చి "జర బందు వెట్టుండ్రి బిడ్డా" అంటారు. చేతిలో గుర్తు లేని ఆపరేటర్ పాటను నడుమ తెంపుతాడు. పోరగాళ్ళకు కోపం వస్తుంది, మాటా మాటా పెరుగుతుంది. తెలిసిన ఆపరేటర్ మాత్రం ధ్వనిని తగ్గిస్తూ, వాక్యం చివరన దించేస్తాడు. ఆ ఇల్లు దాటిన తరువాత డప్పు గుర్తు నొక్కి అదే ఊపును మళ్ళీ లేపుతాడు. జనానికి ఆగినట్టు ఉండదు, మళ్ళీ మొదలైనట్టు ఉంటుంది. మా పక్క ఊరి అన్న ఒకడు ఇట్లనే చేస్తాడు. "పాట బందు వెట్టుడు రాకుంటే పాట వెట్టుడు రానట్టే" అని అతని మాట.

శబ్దం గురించి చట్టం కూడా ఉన్నది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులకు బయట అనుమతి లేదు, పండుగలకు ప్రభుత్వం కొద్ది రోజులు ఇచ్చే సడలింపు తప్ప. దవాఖానలు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. ఈ వార్త చదివి మన దిక్కు ఆపరేటర్లు భయపడ్డారంటే వింత లేదు. అప్పు తెచ్చి బాక్సులు కొన్నవారు వారు.

చెవి సంగతి మరీ ముఖ్యం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే కాలం సగం అవుతుంది. లెక్క కడితే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే! బాక్సుల పక్కన రాత్రంతా నిలబడే ఆపరేటర్ చెవి గతి ఏమిటో మీరే ఆలోచించండి. చెవి పోయిన తరువాత గుర్తు ఎక్కడ పెడతాడు? చెవిలో పెట్టుకునే దూది బిళ్ళల వంటి ఇయర్ ప్లగ్గుల ఖరీదు ఒక చాయ్, సమోసా కంటె ఎక్కువ కాదు.

ఒక ఆక్షేపణ

"గుర్తులు పెట్టుకుని బటను నొక్కడం కూడా ఒక విద్యేనా? మా డప్పు వాళ్ళు ఏ గుర్తు పెట్టుకున్నరు?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. డీజే బండ్లు వచ్చి డప్పు కళాకారుల నోటికాడి బుక్కను తీసుకున్న మాట అబద్ధం కాదు. అయితే డప్పు వాయించే తాతకు గుర్తులు లేవనడం పొరపాటు. అవి అతని చేతిలో, చెవిలో ఉన్నవి. ఏండ్ల తరబడి విని విని నాటుకున్నవి. మనం తెర మీద పెట్టే గుర్తు కూడా వినకుండా పెడితే పనికిరాదు. ఇతరుల గుర్తులు కాపీ కొట్టినవానికి పరీక్షలో చీటీ పెట్టినవాని గతే పడుతుంది. ప్రశ్న కొంచెం మారితే చెయ్యి ఆడదు.

పసుపు ఉడికిందో లేదో మా నాయన పుల్లతో గుచ్చి చూస్తాడు. ఎంత మంట, ఎంత సేపు అన్న లెక్క ఉన్నా, పుల్ల దిగిన తీరును బట్టే దించమంటాడు. గుర్తు పెట్టడమూ అట్టిదే. లెక్క దగ్గరి దాకా తీసుకుపోతుంది, చివరి మాట చెవిదే. అందుచేత డీజే నేర్చుకునే తమ్ముళ్ళు ఒక నెల రోజులు డప్పు వాయించే వారి పక్కన కూర్చుని తాళం వేయడం నేర్చుకోవాలని నా మనవి. బరాత్‌లో నలుగురు డప్పు వాళ్ళను కూడా పిలిపించి, పాటలో వట్టి దరువు గుర్తు దగ్గర బాక్సులు దించి వారికి అప్పగిస్తే, వారికీ కూలి దొరుకుతుంది, జనానికీ కొత్తగా ఉంటుంది.

నేర్చుకోదలచిన వారికి

పెద్ద పరికరాలు కొననవసరం లేదు. పాత లాప్‌టాపు, ఒక హెడ్‌ఫోను చాలును. మూడు ఎక్స్‌లతో రాసే మిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మొదటి వారం గుర్తులే పెట్టవద్దు. పది పాటలు తీసుకుని వట్టిగా లెక్కపెట్టండి, 32 దగ్గర ఏమి మారుతున్నదో కాగితం మీద రాయండి. రెండవ వారం ఒక్కొక్క పాటకు రెండే గుర్తులు, ఎక్కే చోటు, దిగే చోటు. మూడవ వారం ఆ పది పాటలను రెండేసి కలపండి. నాల్గవ వారం తెరకు అడ్డంగా తువ్వాల వేసి చెవితోనే కలపండి. పాటలు, గుర్తులు రెండింటినీ ఇంకొక పెన్‌డ్రైవులో దాచుకోండి. దుమ్ము, జనరేటర్ కరెంటు రెండూ లాప్‌టాపుకు శత్రువులే.

మిత్రులారా! మన కళాశాలలో చదివే వారిలో చాలామందిమి పొలం పనికీ, చదువుకూ నడుమ నిలబడి ఉన్నాం. ఉద్యోగం ఎప్పుడు వస్తుందో తెలియదు. సీజనులో నాలుగు రాత్రులు డీజే నడిపి ఫీజు కట్టుకునే వారు మన తరగతులలోనే ఉన్నారు. ఆ పనిని తక్కువగా చూడకండి. ఆ పని చేసేవారు కూడా తమ విద్యను బాక్సుల లెక్కతో కొలుచుకోకండి. శబ్దం పెంచడానికి డబ్బు చాలును. శబ్దాన్ని సరియైన చోట ఎత్తి, సరియైన చోట దించడానికి వినడం నేర్చిన మనిషి కావాలి. వచ్చే పెండ్లిండ్ల కాలానికి మన ఊళ్ళల్లో అట్టి మనుషులు నలుగురైనా తయారు కావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.